గన్‌ఫౌండ్రీ నుంచి డోర్నకల్ దాకా: నిజాం రాజ్యంలో చర్చిలు, మొహల్లాల చరిత్ర

హైదరాబాద్ పాత మొహల్లాల్లో దారి చెప్పేటప్పుడు చర్చి, మసీదు, దర్గా, గుడి అన్నీ కలిసే వస్తాయి. 'చర్చి దాటినాక ఎడమకు తిరుగు, మసీదు పక్క గల్లీ' అంటారు. తరతరాలుగా అడ్రసు చెప్పడానికి పనికొస్తున్న ఈ కట్టడాలను ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, రాళ్లు మోసింది ఎవరు అని అడిగితే మాత్రం చాలామంది నోరు మెదపరు. క్రైస్తవ కుటుంబాలకు తమ చర్చి సంగతి కొంత తెలిసినా, పక్కింటి ముస్లిం, హిందూ కుటుంబాలకు అది గోడ అవతలి విషయంగానే ఉండిపోయింది.

అయితే ఆ చరిత్ర గోడ అవతలిది కాదు. అందులో ఆసఫ్ జాహీ నవాబులున్నారు, పైగా అమీర్లున్నారు, ఫ్రెంచి కమాండర్ ఉన్నాడు, ఆర్మేనియన్ వ్యాపారులున్నారు, కరువు కాలంలో పిడికెడు అన్నం కోసం పనికొచ్చిన పల్లెజనం ఉన్నారు. మినార్లున్న చర్చి ఒకటి, మినార్లు లేని మసీదు ఒకటి కూడా ఈ గడ్డ మీదే ఉన్నాయి. నిజాం రాజ్యంలోని ముఖ్యమైన చర్చిలు, వాటి చుట్టూ ఉన్న గుర్తుల వివరాలు ఇవి.

ముందుగా కొన్ని మాటలు

చర్చిలన్నీ ఒకే సంస్థ కిందికి రావు. క్యాథలిక్కులు రోమ్‌లోని పోప్ నాయకత్వాన్ని అంగీకరిస్తారు. ప్రొటెస్టెంట్లలో ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్టిస్టు వంటి శాఖలున్నాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఏర్పడ్డాయి. దీన్నే అందరూ సీఎస్‌ఐ అంటారు. ఆంగ్లికన్లు కట్టిన అబిడ్స్ సెయింట్ జార్జెస్ చర్చి, మెథడిస్టులు కట్టిన మెదక్ చర్చి రెండూ ఇవాళ సీఎస్‌ఐ కిందే ఉండటానికి కారణం ఇదే.

ఒక బిషప్ పర్యవేక్షణలో ఉండే ప్రాంతాన్ని డయాసిస్ అంటారు. ఆ బిషప్ పీఠం ఉన్న చర్చి కెథడ్రల్. అంటే కెథడ్రల్ అనే పేరు సైజును బట్టి వచ్చేది కాదు, హోదాను బట్టి వచ్చేది. బాసిలికా అనేది కొన్ని క్యాథలిక్ చర్చిలకు పోప్ తరఫున దక్కే ప్రత్యేక గౌరవం.

ఉప్పుగూడ సమాధులు, అబిడ్స్ పేరు

హైదరాబాద్‌లో క్రైస్తవుల ఉనికి ఇంగ్లీషువాళ్ల ఫౌజుతో మొదలవలేదు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ వజ్రాలు, నేత బట్టలు మచిలీపట్నం రేవు మీదుగా దేశదేశాలకు వెళ్లేవి. ఆ వ్యాపారం కోసం ఇరానీలు, ఆర్మేనియన్లు, డచ్చివాళ్లు వచ్చారు. పాతబస్తీ ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి ఆర్మేనియన్ సమాధులు ఉన్నాయి. ఆర్మేనియన్లు చాలా పురాతనమైన క్రైస్తవ జాతి. ఎక్కడో కాకసస్ కొండల దగ్గర పుట్టినవాళ్లు ఇక్కడి మట్టిలో కలిసిపోయారు.

రోజూ లక్షల మంది పలికే 'అబిడ్స్' పేరు కూడా ఆల్బర్ట్ అబిడ్ అనే మనిషి నుంచి వచ్చింది. ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేశాడు, ఆ ప్రాంతంలో ఒక దుకాణం నడిపాడు. ఆయన కూడా ఆర్మేనియనే అని చెబుతారు. దుకాణం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం బజారుకు నిలిచిపోయింది.

గన్‌ఫౌండ్రీ: ఫిరంగుల కార్ఖానా, పక్కనే కెథడ్రల్

రెండో నిజాం మీర్ నిజాం అలీ ఖాన్ ఫౌజులో మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచి కమాండర్ ఉండేవాడు. నిజాం సైన్యానికి యూరప్ పద్ధతిలో కవాతు నేర్పించాడు, ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. 1795 నాటి ఆ కార్ఖానాను ఉర్దూలో 'తోప్ కా సాంచా' అన్నారు. అదే ఇంగ్లీషులో గన్‌ఫౌండ్రీ అయింది. ఇవాళ ఆ పేరు చెబితే చాలామందికి బ్యాంకు ఆఫీసు గుర్తొస్తుంది గానీ ఫిరంగులు గుర్తుకు రావు.

రేమండ్ 1798లో చనిపోయాడు. మలక్‌పేట దగ్గర అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. సిపాయిలకు ఆయన మీద ఎంత అభిమానమంటే, ముస్లింలు ఆయన్ను మూసా రహీం అని, హిందువులు మూసా రామ్ అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. వర్ధంతి రోజున సమాధి దగ్గర దీపాలు పెట్టి, ఉర్సు లాగా జరుపుకున్న కాలం కూడా ఉంది. సమాధి పక్కనున్న మండపం 2001లో కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు.

గన్‌ఫౌండ్రీలోనే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉంది. ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన క్యాథలిక్ మిషనరీలు 1870లో పని మొదలుపెట్టి 1875 క్రిస్మస్ నాటికి ప్రార్థనలకు సిద్ధం చేశారు. ముందుభాగం, జంట గోపురాలు తర్వాతి ఏళ్లలో పూర్తయ్యాయి. గోపురంలోని గంటలు ఇటలీ నుంచి తెప్పించినవి. ఇది హైదరాబాద్ ఆర్చ్‌డయాసిస్‌కు కేంద్రం. ఇక్కడి ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ హోదా అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఫౌజు వెంట వచ్చిన చర్చిలు

రేమండ్ పోయిన ఏడాదే, అంటే 1798లో, నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. కంపెనీ ఫౌజు హుసేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. ఆ ఛావనీకే 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

ఫౌజులో ఇంగ్లీషు అధికారులు, ఐరిష్ సిపాయిలు, మద్రాసు నుంచి వచ్చిన తమిళ క్రైస్తవులు ఉండేవాళ్లు. వాళ్ల ప్రార్థన కోసం, పెళ్లిళ్ల కోసం, అంత్యక్రియల కోసం చర్చిలు లేచాయి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. జంట నగరాల్లోని అతి పాత చర్చిల్లో ఇదొకటి. సెయింట్ మేరీస్ చర్చిని ఐరిష్ ఫాదర్ డానియల్ మర్ఫీ కట్టించగా 1850లో పూర్తయింది. 2008లో దానికి బాసిలికా హోదా దక్కింది. ఆ మర్ఫీ తర్వాత ఆస్ట్రేలియా వైపు వెళ్లి టాస్మేనియా దీవిలోని హోబర్ట్‌కు ఆర్చ్‌బిషప్ అయ్యారు.

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత డబ్బుతో కట్టించిందని చెబుతారు. 1983 నవంబరులో రెండో ఎలిజబెత్ రాణి హైదరాబాద్ వచ్చినప్పుడు తన పెళ్లిరోజు ప్రార్థన ఈ చిన్న చర్చిలోనే చేసుకుంది.

అసలు హైదరాబాద్ షహర్ వైపు చూస్తే, అబిడ్స్ సెయింట్ జార్జెస్ చర్చి మొదటిదిగా లెక్కకొస్తుంది. 1844లో మొదలైన ఆ సంఘానికి ఇప్పుడున్న రాతి చర్చి 1860లలో తయారైంది. దాని పక్కనున్న గ్రామర్ స్కూలు 1834 నాటిది. అంటే ఇక్కడ చర్చి కంటే ముందు బడి వచ్చిందన్నమాట.

కోఠీ: నికాహ్, తిరుగుబాటు

ఈ కాలమంతా సామరస్యంగానే గడిచిందని చెప్పడం సరికాదు. ఛావనీ చర్చిలు కంపెనీ అధికారంతో పాటే వచ్చాయి. ఆ అధికారం అసలు రూపం చూడాలంటే కోఠీ వెళ్లాలి.

ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న పాత రెసిడెన్సీ భవనాన్ని కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టాడు. ఆయన హైదరాబాదీ అమీరు కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంను ఇస్లామీ పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. ఫారసీ, ఉర్దూ బాగా వచ్చినవాడు. కంపెనీ పెద్దలకు ఆ పెళ్లి నచ్చలేదు, విచారణ కూడా జరిగింది. ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఇద్దరు పిల్లల్ని అంతకు కొద్ది ముందే ఇంగ్లండ్ పంపించారు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేకపోయింది.

అదే రెసిడెన్సీ మీద 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం దాడి చేశారు. దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ జైలుకు పంపారు. కోఠీలో వాళ్ల స్మారక స్తంభం ఉంది. సెయింట్ జార్జెస్ చర్చి, ఆ స్తంభం ఒకదానికొకటి దూరమేమీ కాదు. వాళ్లు తిరగబడింది కంపెనీ పెత్తనం మీద. షహర్‌లో చర్చిలు ఆ తర్వాత కూడా కట్టారు, బడులు నడిచాయి, అన్ని మతాల పిల్లలూ వాటిలో చేరారు.

మెదక్: కరువులో లేచిన కెథడ్రల్

మెదక్ పేరు 'మెతుకు' అనే మాట నుంచి వచ్చిందంటారు. కుతుబ్ షాహీ, ఆసఫ్ జాహీ కాలాల్లో దీన్ని గుల్షనాబాద్ అని కూడా పిలిచారు. ఊరి గుట్ట మీద కాకతీయుల కాలపు కోట, అందులో 17వ శతాబ్దపు మసీదు ఉన్నాయి. గుట్ట దిగితే కనిపించేది మెదక్ చర్చి గోపురం.

చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆంగ్ల మెథడిస్టు మిషనరీ 19వ శతాబ్దం చివర్లో మెదక్ వచ్చాడు. అప్పటికి అక్కడ ఉన్నది చిన్న ప్రార్థనా మందిరమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ ప్రాంతంలో కరువు పట్టుకుంది. ఊరికే తిండి పెడితే తీసుకునేవాడి పరువు పోతుంది, ఎన్నాళ్లని పెడతారన్న ప్రశ్న కూడా వస్తుంది. అందుకని పని కల్పించి, పనికి బదులు తిండి ఇవ్వాలని పోస్నెట్ అనుకున్నాడు. అలా 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. చుట్టుపక్కల పల్లెల జనం రాళ్లు కొట్టారు, సున్నం కలిపారు, పరంజాలు ఎక్కారు. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌తో సరిగ్గా నూరేళ్లు నిండాయి.

కొలతలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి 5,000 మంది దాకా కూర్చోవచ్చు. నమూనా గీసింది బ్రాడ్‌షా అనే ఆంగ్ల ఆర్కిటెక్ట్. నేల మీద రంగురంగుల మొజాయిక్ పలకలు పరిచింది ఇటలీ మేస్త్రీలు. పెద్ద కిటికీల్లోని రంగుటద్దాల మీద ఏసు జీవిత ఘట్టాలు కనిపిస్తాయి. మూడు కిటికీలూ మూడు వేర్వేరు కాలాల్లో, 1927, 1947, 1958 సంవత్సరాల్లో అమరాయి. ఈ బొమ్మలు పగటిపూటే కనిపిస్తాయి. బయటి ఎండ అద్దంలోంచి లోపలికి వస్తేనే రంగులు వెలుగుతాయి. పొద్దుగూకితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా అద్దం నల్లగానే ఉంటుంది. అందుకే చూడాలనుకునేవాళ్లు మధ్యాహ్నంలోగా వెళ్లడం మంచిది.

మెదక్ చర్చి గురించి రెండు మాటలు జనంలో బాగా తిరుగుతుంటాయి. గోపురం చార్మినార్ కంటే ఎత్తు కాకూడదని నిజాం సర్కారు పట్టుబట్టిందనేది మొదటిది. చార్మినార్ ఎత్తు సుమారు 184 అడుగులు, మెదక్ గోపురం 175. లెక్క సరిపోతుంది కాబట్టి కథ నిలబడింది. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన హుకుం ఇచ్చినట్టు కాదు. దీన్ని నోటి కథగానే తీసుకోవాలి.

వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది అనేది రెండోది. వాటికన్ క్యాథలిక్కుల కేంద్రం, మెదక్ సీఎస్‌ఐ చర్చి. ఆ రెండూ ఒకే లెక్కలోకి రావు. పైగా డయాసిస్ పెద్దదనడం వేరు, కట్టడం పెద్దదనడం వేరు. మెదక్ గొప్పతనానికి ఈ పోలిక అవసరమే లేదు. పదేళ్ల పాటు పల్లెజనం పొయ్యి వెలిగించిన కట్టడం అది.

డోర్నకల్: గుమ్మటాలు, మినార్లున్న చర్చి

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ రైల్వే జంక్షన్‌గా అందరికీ తెలుసు. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. రైలు దిగి మొదటిసారి చూసినవాళ్లు ఇది మసీదా, గుడా అని ఆగిపోతారు. పైన గుమ్మటాలు, మినార్లు, లోపల గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. ఆ స్తంభాలు 12, ఏసు శిష్యులు పన్నెండు మందికి గుర్తుగా నిలిపినవి.

ఇలా కట్టించింది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ హోదా దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్ల మిషనరీల ముందే లేచి ఒక మాట అన్నారు. మీరు మాకు డబ్బిచ్చారు, శ్రమ ధారపోశారు, మాకు కావాల్సింది మాత్రం స్నేహం అన్నది ఆ మాటల సారం. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చుకున్నారు. నిజాం రాజ్యపు పల్లెల్లో, ఎక్కువగా అంటరానితనం భరిస్తున్న మాల, మాదిగ వాడల్లో తిరిగారు. ఆరాధనలో తెలుగు పాటలు, ఇక్కడి వాయిద్యాలు ఉండాలన్నారు. చర్చి కట్టేటప్పుడు కూడా ఇంగ్లండ్ నమూనా దించుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఈ రాజ్యంలో జనం ప్రార్థనా స్థలమనగానే కళ్ల ముందు కనపడే రూపాలు గుమ్మటం, మినార్, మండపం. వాటితోనే కట్టించారు. డబ్బుల కటకట వల్ల పని ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన సమాధి డోర్నకల్‌లోనే ఉంది.

బేగంపేట: చర్చిలా కనిపించే మసీదు

డోర్నకల్ కథకు జోడు కథ బేగంపేటలో ఉంది. స్పానిష్ మసీదు అని పిలిచే ఈ ఇబాదత్‌గాహ్‌ను మొదటిసారి చూసినవాళ్లు చర్చి అనుకుని ముందుకు వెళ్లిపోతుంటారు. మామూలు గుండ్రటి మినార్లకు బదులు దీనికి కోసుగా పైకి లేచిన శిఖరాలున్నాయి.

పైగా అమీరు, రాజ్యానికి ప్రధానమంత్రిగా చేసిన నవాబ్ వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినవాడు. స్పెయిన్‌లోని కార్డోబా జామా మసీదు ఆయన మనసులో పడింది. అక్కడి కమానుల తీరులో బేగంపేటలో మసీదు మొదలుపెట్టించాడు. 1902లో ఆయన చనిపోగా, కొడుకు 1906లో పూర్తి చేయించాడు. విచిత్రం ఏమిటంటే కార్డోబా మసీదు 13వ శతాబ్దం నుంచి చర్చిగా ఉంది. అక్కడ చేయి మారిన కట్టడం తీరు ఇక్కడ మళ్లీ నమాజుకు నీడైంది.

బడి, దవాఖానా

ముస్లిం కుటుంబాలకు చర్చి కాంపౌండుతో ఉన్న అసలు బంధం బడి ద్వారానే. గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్ స్కూలు 1855 నాటిది. సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ 1871లో, అబిడ్స్ స్టాన్లీ బాలికల స్కూలు 1895లో, రోజరీ కాన్వెంట్ 1904లో మొదలయ్యాయి. సర్కారు వైపు నుంచి మహబూబియా బాలికల స్కూలు 1907లో వచ్చింది. ఈ బడుల్లో పాతబస్తీ, మెహదీపట్నం, సికింద్రాబాద్ ముస్లిం ఇళ్ల ఆడపిల్లలు తరతరాలుగా చదువుకున్నారు. చాలా ఇళ్లలో నానీ చదివిన బడిలోనే మనవరాలు కూడా చదివింది.

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానాది ఇంకో కథ. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో దాన్ని మొదలుపెట్టారు. అందుకు దానమిచ్చింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. కుష్ఠు వచ్చిందంటే సొంత ఇంట్లోనే గడప దాటనివ్వని రోజులవి. ఏ మతం రోగినైనా ఆ దవాఖానా లోపలికి రానిచ్చింది. కెర్ 1932లో డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు.

ఇప్పుడేం చేయాలి

ఈ కట్టడాల్లో కొన్ని బాగానే ఉన్నాయి. మరికొన్నిటి చుట్టూ ట్రాఫిక్, కొత్త బిల్డింగులు ముసురుకున్నాయి. చర్చి, మసీదు లాంటివాటికి చూసుకునే జమాత్ ఉంటుంది. ఉప్పుగూడ సమాధుల్లాంటివాటికి వారసులు లేరు, వచ్చి ఫాతిహా చదివేవాళ్లు గానీ కొవ్వొత్తి పెట్టేవాళ్లు గానీ ఉండరు. అలాంటివి ముందు పొదలతో మూసుకుపోతాయి, తర్వాత కనబడకుండా పోతాయి. పక్కన నివసించే కుటుంబాలే వాటికి కాపలా.

చూడ్డానికి వెళ్లాలనుకునే కుటుంబాలు ఆదివారం ఉదయం ఆరాధన వేళ తప్పించి వెళ్తే ఇబ్బంది ఉండదు. లోపల నిశ్శబ్దం పాటించాలి, ఫొటో తీసే ముందు అక్కడివాళ్లను అడగాలి. మసీదుకు వచ్చే మెహమాన్ నుంచి మనం ఏ అదబ్ కోరుకుంటామో అదే.

మూసారాంబాగ్‌లో ఉండే పిల్లలకు ఆ పేరు ఎవరిదో చెప్పడం, నానీ చదివిన కాన్వెంటు ఫొటో జాగ్రత్త చేయడం, వాట్సాప్‌లో వచ్చిన కథను పదిమందికి పంపే ముందు ఇంటి పెద్దల్ని అడగడం లాంటివి ఏ కుటుంబమైనా చేయగలదు. మెదక్ చర్చికి రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనిపించవు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు మాత్రం ఇంకా ఆ పల్లెల్లోనే ఉన్నారు. తమ తాతలు కరువులో ఏం తిన్నారో, ఏం మోశారో వాళ్లను అడిగి రాసుకోవడానికి ఇంకా కొంత సమయం ఉంది.